మేనమామ చెయ్యి

ఆఖరి రోజున గుర్తింపు కార్డుతో పాటు ఒక చెయ్యి కూడా అప్పగించి వెళ్ళాలి. ఇక్కడికి వేసవి ఇంటర్న్‌షిప్‌కి వచ్చినవాళ్ళందరికీ ఇదే పద్ధతి. ఊరు నార్వేలో బాగా ఉత్తరాన, సముద్రం ఒడ్డున ఉంటుంది. నీళ్ళలో చేతులు ముంచి ఉప్పెంతుందో చెప్పడం నా పని. వచ్చిన కొత్తలో ఏమీ తెలిసేది కాదు. ఇప్పుడు చిటికెన వేలు తడిస్తే చాలు, చెప్పేస్తాను.

"రెండు చేతులూ ఇక్కడే నేర్చుకున్నాయి కాబట్టి ఒకటి మాకు, ఒకటి మీకు," అంటుంది మా పై అధికారి మారిట్. ఆవిడ మంచి మనిషి. నాకోసం కేకు కూడా చేసి తెచ్చింది.

"ఏది ఇవ్వాలండీ?"

"మీ ఇష్టం. ఏది చాపితే అది తీసుకుంటాం."

ఎడమది ఇచ్చేద్దామని ఎప్పుడో తేల్చుకున్నాను. కుడిచేత్తో నాకు ఇంటి దగ్గర పనుంది. మా అక్క హిమజ కూతురికి అన్నప్రాసన చెయ్యాలి. మా ఇళ్ళలో తొలి ముద్ద మేనమామే పెడతాడు. ఐదో నెలలో జరగాల్సింది, నేను లేనని ఆపేశారు. నేను వెళ్ళి పెట్టేదాకా ఆ పిల్ల అన్నం మొహం చూడదు.

తీరా మారిట్ ఎదురుగా నిలబడ్డాక, పెద్దావిడకి ఎడం చేత్తో ఎలా ఇస్తాం అనిపిస్తుంది. చిన్నప్పుడు అలా ఇచ్చినందుకు అమ్మ వేసిన మొట్టికాయలు ఇంకా గుర్తున్నాయి. అలవాటు కొద్దీ కుడిచెయ్యి చాపుతాను. కార్డునీ చేతినీ ఆవిడ ఒకేసారి అందుకుంటుంది. చేతిని తువ్వాలుతో తుడిచి కిటికీ దగ్గరున్న సముద్రపు నీళ్ళ తొట్టిలో పెడుతుంది. అది వెంటనే పనిలో దిగిపోతుంది.

నొప్పేమీ లేదు. ఛీ, ఎంత తెలివితక్కువ పని చేశానని మాత్రం ఉంది.

"మార్చుకోవచ్చా మేడం?"

"మీరు మర్యాదగా ఇచ్చారు. మర్యాదగా ఇచ్చినదాన్ని తిరిగిచ్చేస్తే మీకు అవమానం కదా?"

అది నిజమే. కేకు ముక్క తిని బయటికొస్తాను.

విమానాశ్రయంలో ఉండగా అక్క ఫోన్ చేస్తుంది. "ఒరే త్రినాథ్, తొందరగా రారా. దీనికి పళ్ళన్నీ వచ్చేశాయి."

"అన్నీనా?"

"జ్ఞానదంతాలతో సహా. ఎదురుచూసి ఎదురుచూసి పెరిగిపోతోంది. వద్దంటే వినదే!"

ఫోన్లో చూపిస్తుంది. నా మేనకోడలు సంహిత రెండు జడలు వేసుకుని కుర్చీలో కూర్చుని ఉంది. ఒళ్ళో వెండిగిన్నె, అందులో పాయసం.

"మామయ్యా, ఎక్కడిదాకా వచ్చావ్?" అని అడుగుతుంది.

"విమానం ఎక్కుతున్నానమ్మా."

"సరే. పాయసం గట్టిపడిపోతోంది, చూసుకో."

విమానంలో భోజనం పెడతారు. ఎడం చేత్తో తినబుద్ధి కాదు. పళ్ళెం అలాగే తిరిగిచ్చేస్తాను. ఆకలితో కడుపు కరకరలాడుతోంది. నా బాధ ఆకలి గురించి కాదు. ఇంటికి వెళ్ళి ఆ పిల్ల ముందు ఏ మొహం పెట్టుకుని కూర్చోవాలి?

హైదరాబాద్‌లో దిగాక, అద్దం వెనకాలున్న అధికారి కుడిచేతి వేలిముద్రలు అడుగుతాడు.

"పనిలో ఉందండీ."

"ఎప్పుడొస్తుంది?"

"తెలీదండీ."

"వచ్చాక ఒకసారి పంపించండి," అని ముద్ర వేసి వదిలేస్తాడు.

రాజమండ్రిలో దిగి, కారెక్కి తణుకు చేరేసరికి ఎండ చుర్రుమంటోంది. ఎవరో ముసలావిడ వచ్చి గేటు తీస్తుంది. తల ముగ్గుబుట్టలా ఉంది, కళ్ళజోడుంది. పసిపిల్లలకి దిష్టి తగలకుండా తొడిగే నల్లగాజులు మణికట్లకి బిగుసుకుపోయి ఉన్నాయి. వాటిని చూసి గుర్తుపడతాను.

"బాగా ఆలస్యం చేశావ్ మామయ్యా," అంటుంది సంహిత.

వెనకాలే హారతి పళ్ళెంతో అమ్మ వస్తుంది. మనవరాలి పక్కన ఆవిడ చిన్నపిల్లలా కనిపిస్తోంది. ఎర్రనీళ్ళు తిప్పబోయి నన్ను చూసి ఆగిపోతుంది.

"చెయ్యేదిరా?"

"ఇచ్చేసొచ్చానమ్మా. మా మేడంకి."

"ఏ చేత్తో ఇచ్చావ్?"

"కుడిచేత్తోనే."

"అమ్మయ్య! ఎడం చేత్తో ఇచ్చి మా పరువు తీశావేమోనని హడలి చచ్చాను," అని ఎర్రనీళ్ళు తిప్పి వాకిట్లో పారబోస్తుంది.

అక్క మాత్రం నెత్తి కొట్టుకుంటుంది. "ఆ చేతికోసమే కదరా ఇన్నాళ్ళు ఆపింది! ఇప్పుడెవరు పెడతారు దీనికి? పోనీ, నేను పెడతాను, తినవే తల్లీ."

"నువ్వు మేనమామవా?" అంటుంది సంహిత.

అక్క వెళ్ళి పీట వాలుస్తుంది.

పీట మీద సంహిత కూర్చుంటుంది. ఎదురుగా నేను కూర్చుంటాను. మధ్యలో వెండిగిన్నె. నా కుడి చొక్కాచెయ్యి ఖాళీగా వేలాడుతోంది. ఎడమచెయ్యి చాపబోతే అమ్మ కళ్ళెర్రజేస్తుంది. నాకు సిగ్గేస్తుంది, ఆ వెంటనే ఏడుపొస్తుంది. ఇంతమందిలో చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడుస్తాను. ఒక్క ముద్ద కోసం పాపం ఈ పిల్ల జీవితమంతా కూర్చుంది.

"నువ్వేమైనా తిన్నావా?" అని అడుగుతుంది సంహిత.

"లేదు."

"ఆ మొహం చూస్తేనే తెలుస్తోంది. కడుపు మాడ్చుకుని నాకేం పెడతావ్? అమ్మా, పప్పన్నం పట్రా."

తనే నెయ్యి వేసి కలుపుతుంది. ముద్ద చేసి నా నోట్లో పెడుతుంది. నములుతూ చూస్తాను. సంహిత జుట్టు నల్లబడుతోంది. రెండో ముద్దకి కళ్ళజోడు జారి కిందపడుతుంది. ఇంకో ముద్దకి జడలు వస్తాయి, ఇంకోదానికి పళ్ళు పోతాయి. నేను ఆపకుండా తింటాను. అంత ఆకలేసింది మరి.

అన్నం అయిపోయేసరికి సంహిత ఐదు నెలల పిల్లయి నా ఒళ్ళో పడుకుని ఉంటుంది. ఒళ్ళంతా చిన్నదైంది, కుడిచెయ్యి మాత్రం కాలేదు. నల్లగాజు కిందనుంచి పెద్ద మగచెయ్యి వేలాడుతోంది. ఉప్పునీళ్ళకి చర్మం పగిలి ఉంది. బొటనవేలి మొదట్లో పుట్టుమచ్చ ఉంది. అది నా చెయ్యే.

అందరం ముందుకి వంగి చూస్తాం. ఆ చెయ్యి గిన్నెలో మునిగి రెండు వేళ్ళతో కాస్త పాయసం తీస్తుంది. కంగారు లేకుండా సంహిత పెదవులకి రాస్తుంది. పిల్ల చప్పరించి మొహం చిట్లించి, మళ్ళీ నోరు తెరుస్తుంది.

"కాస్త ఉప్పగా ఉన్నట్టుంది," అంటుంది అక్క, కళ్ళు తుడుచుకుంటూ.

అప్పుడే మారిట్ ఫోన్ చేస్తుంది.

"మీ చెయ్యి బాగా చిన్నదైపోయింది. దానికో నల్లగాజు కూడా వచ్చింది. సముద్రంలో ఉప్పే లేదంటోంది, అన్నీ పాలే అంటోంది."

"క్షమించండి మేడం."

"ఫోన్ చేసింది అందుకు కాదు. తొట్టిలోంచి తీద్దామని వేలు పెడితే పట్టేసుకుంది. వదలడం లేదు. నేను ఇంటికి వెళ్ళాలి. ఏం చెయ్యను?"

సంహిత మూతికి పాయసంతో, నా పెద్ద చెయ్యిని బుగ్గ కింద పెట్టుకుని ఆవులిస్తోంది.

"కాసేపు కూర్చోండి మేడం," అంటాను. "నిద్రొస్తోంది. పడుకునేదాకా వేలు లాక్కోకండి."

మారిట్ ఫోన్ పెట్టెయ్యదు. గొంతు తగ్గించి వాళ్ళ భాషలో ఏదో పాట అందుకుంటుంది. ఆ పాటకి ముందు నా కుడిచెయ్యి నిద్రపోతుంది, తర్వాత సంహిత.