చీటీ కింది పేరు

నందికొట్కూరులో మైకు సెట్టు బుడేన్ సాహెబ్ అంటే ఒకప్పుడు తెలియని పెండ్లివారు లేరు. మైకు సెట్టు వాళ్లకు అప్పట్లో ఒక అలవాటు ఉండేది. కొత్త రికార్డు రాగానే నడిమధ్య పేర్లుండే చోట తెల్లచీటీ అంటించేస్తారు. అది ఏ పాటో, ఏ నంబరో పోటీ సెట్టువాడికి తెలియకూడదు. బుడేన్ సాహెబ్ అన్ని చీటీల మీదా అంకెలు వేసినాడు. ఒక్కదాని మీద మాత్రం పేరు రాసినాడు, జులేఖా అని.

జులేఖా బీ ఆయన భార్య. అరవై ఒకటిలో మద్రాసు పోయి ఆమె పాడిన పెండ్లిపాట అది. నాలుగేండ్లపాటు కర్నూలు నుంచి ఎర్రగుంట్ల దాకా ఆ రికార్డు మోగందే తలంబ్రాలు పడలేదు. "ఇదిగో నీ పేరు" అని ఆయన వేలు పెట్టి చూపిస్తే, చదువు రాని జులేఖా బీ చీటీని కండ్లకద్దుకునేది. ఆయన పోయినాక, డెబ్బై దాటిన వయసులో, ఆ మూడక్షరాలు చూసే పలక మీద సంతకం దిద్దుకుంది. ఆ ఊపులోనే మిగతా అక్షరాలు గూడా కూడబలుక్కునేంత నేర్చుకుంది.

ఇప్పుడు కడప నుంచి భూపేష్ అని ఒకాయన వచ్చినాడు. పాత రికార్డులు పోగుచేసి, పాడినవాళ్ల పేర్లతో పుస్తకం వేస్తాండాడు.

"నా పేరు అచ్చులో ఎక్కితే చాలు నాయనా, రికార్డు నువ్వే తీసుకపో" అనింది జులేఖా బీ. సాక్ష్యానికి, ఆనాడు ఆ పాటకు డోలు కొట్టిన పుల్లన్నను గూడా పిలిపించింది.

"నంబరు చూడాల జేజీ" అని భూపేష్ తడిగుడ్డతో అద్దినాడు. చీటీ ఊడొచ్చింది. కింద అచ్చక్షరాలు. ఆయన నోరు తెరవకముందే జులేఖా బీ కూడబలుక్కుని చదివింది.

శి... వ... లీ... ల.

"ఎవురప్పా ఈ శివలీల?"

పుల్లన్న తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. "ఎవురూ లేరు వదినా. అన్నే రాయించినాడు. మన ఇంటి ఆడదాని పేరు సంతల్లో తిరగరాదని కంపెనీవాళ్లకు ఆ పేరు చెప్పినాడు."

"గొంతు తిరిగితే తప్పు లేదా? ఊరూరా చెట్లకు మైకులు కట్టి మోగించినాడే!"

"నాకేం తెలుసు వదినా, డోలు కొట్టేవాన్ని."

"అవును. అరవై ఏండ్లు నోరు మాత్రం బాగా కట్టుకున్నావు."

భూపేష్ నసిగినాడు. "అచ్చులో ఏముంటే అదే రాయాల జేజీ. మేమే పాడినామని చెప్పేవాళ్లు శానా మంది వస్తాంటారు."

జులేఖా బీ పల్లవి ఎత్తుకుంది. రెండో మాటకే దగ్గు అడ్డం పడింది. రికార్డులోని పంతొమ్మిదేండ్ల గొంతు యాడ, ఇది యాడ! భూపేష్ తల దించుకుని కాగితం ముందుకు జరిపినాడు.

"రికార్డు ఇచ్చినట్ల ఈడ సంతకం పెట్టు జేజీ."

ఆమె రికార్డును కొంగులో చుట్టి ఒళ్లో పెట్టుకుంది.

"నాదైతే కదా నేనిచ్చేకి. శివలీల వస్తే ఆయమ్మను అడిగి తీసుకపో."

వాళ్లు పోయినాక తడిచీటీని అరచేతిలో పరుచుకుంది. జు తోకను సాగదీసి, లే తలను ఒక పక్కకు వంచి రాసిన రాత. తన సంతకం గూడా అచ్చం అట్లే ఉంటుంది. ఇంకో రకంగా రాయడం ఆమెకు రాదు.