నాలుగు గంటల విమానం

ఆదివారం ఉదయం బట్టలు వాషింగ్ మెషీన్‌లో వేసేముందు ఆమె భర్త ప్యాంటు జేబులు తిరగేసింది. చిల్లర కోసం కాదు, బోర్డింగ్ పాసు ముక్కల కోసం. పది ప్రయాణాల్లో ఒకదానికైనా విమానం కంపెనీ పాయింట్లు వేయడం మరచిపోతుంది. ముక్క చేతిలో ఉంటే గట్టిగా అడగొచ్చు, లేకపోతే గోవిందా. తొమ్మిదేళ్ళుగా ఆమె అడుగుతూనే ఉంది. ఒక్క పాయింటూ పోనివ్వలేదు.

"ఇదిగో, ఆ ఉత్తరం చూశావా?" హాల్లోంచి భర్త గొంతు. "మన విమానం కంపెనీ వచ్చే నెల నుంచి కుటుంబ ఖాతాలు ఎత్తేస్తోందట. నా గోల్డు కార్డుకి నూకలు చెల్లాయి. ఇంకో విమానం కంపెనీది ఏదన్నా మంచిది చూసి పెట్టు. నీకు అలవాటేగా."

ఆయన రంగుల కంపెనీలో సేల్స్ మేనేజరు. మనిషి మంచివాడు. విమానమెక్కిన ప్రతిసారీ కిటికీలోంచి మేఘాలు ఫొటో తీసి ఆమెకు పంపుతాడు. అన్నీ ఒకేలా ఉంటాయి, అయినా ఆమె ఏదీ చెరపదు. ఆయనతో వచ్చిన చిక్కల్లా ఆ 'అలవాటేగా' అన్న మాటతోనే. గ్యాసు బుక్ చేయడం, బీమా కట్టడం, వాళ్ళమ్మగారి కళ్ళజోడు మార్పించడం, అన్నీ ఆ మాట మీద కూర్చునే ఆమె దగ్గరికొచ్చాయి.

ఆమె కూడా విమానాలు ఎక్కుతుంది. ఆసుపత్రుల్లో స్కానింగ్ యంత్రాలు బిగించి, అక్కడివాళ్ళకు వాడటం నేర్పించే ఇంజనీరు. పెద్ద నగరాలు ఆమెకు రావు. రెండు గేట్లూ ఒక టీ కొట్టూ ఉన్న విమానాశ్రయాలే వస్తాయి. పెళ్ళయిన మొదటి నెలలో ఆ కుటుంబ ఖాతా తెరిచింది ఆమే. ఫారంలో 'కుటుంబ పెద్ద' అని ఒక గడి ఉంది. ఆ పెద్ద పేరు మీదకే అందరి పాయింట్లూ చేరతాయి, వాటితో వచ్చే గోల్డు కార్డూ ఆ పేరుకే. ఎవరూ చెప్పలేదు, ఎవరూ బలవంతపెట్టలేదు. కొళాయి తిప్పినంత తేలిగ్గా ఆయన పేరు టైపు చేసేసింది. తరవాత ఒకసారి అడిగితే ఆయన నవ్వాడు. "నీవేంటి, నావేంటి? ఇల్లు ఒకటే కదా." నిజమే అనుకుంది. పోయినేడు ముగ్గురూ కలిసి సెలవులకు వెళ్తున్నప్పుడు, గోల్డు కార్డు మీద లాంజిలోకి ఒక్క అతిథినే రానిస్తామన్నారు. ఆయన వాళ్ళమ్మను తీసుకెళ్ళాడు. "నువ్వు సామాను చూస్తూ ఉండు, పది నిమిషాల్లో వస్తాం." నలభై నిమిషాల తరవాత పేపరు రుమాల్లో రెండు బిస్కెట్లు చుట్టి తెచ్చి, "నీకోసం ఎవరూ చూడకుండా తెచ్చా" అన్నాడు. ఆమె ఆ బిస్కెట్లు సంతోషంగా తింది. ఇప్పుడు తలచుకుంటే, చేదు బిస్కెట్లది కాదు, ఆ సంతోషానిది.

బట్టలు తిరుగుతుండగా హాల్లో కూర్చుని లాప్‌టాప్ తెరిచింది.

మూడు కంపెనీలు తేలాయి. మొదటిదానికి పెద్ద నగరాలన్నీ ఉన్నాయి, లాంజిలో భోజనం బ్రహ్మాండం. రెండోది పాయింట్లు ఇస్తుంది, వాడుకునే తేదీలు మాత్రం ఇవ్వదు. మూడోది చిన్న కంపెనీ. లాంజీలు అంతంత మాత్రం. కానీ భర్త తిరిగే నగరాలకూ ఆమె తిరిగే ఊళ్ళకూ రెండింటికీ వెళ్తుంది. దాని గోల్డు కార్డు ఉంటే, అదే రోజు ముందు విమానంలో ఖాళీ ఉన్నప్పుడు ఉచితంగా ఎక్కిస్తారు.

ఆ వాక్యం దగ్గర ఆమె వేలు ఆగిపోయింది.

ప్రయాణం పడిన ప్రతి బుధవారం ఆమె పని రెండింటికల్లా అయిపోతుంది. ఆఫీసు కొనే టికెట్టు రాత్రి తొమ్మిదింటిది, అదే చవక. నాలుగు గంటల విమానం ఖాళీ సీట్లతో కళ్ళముందే లేచిపోతుంటే, ఆమె చార్జింగు ప్లగ్గు పక్కన ఇనుప బెంచీ మీద నడుం వంచుకుని కూర్చుంటుంది. భర్త మాత్రం గోల్డు పుణ్యమా అని ముందు విమానంలో వచ్చేసి, మధ్యాహ్నం ఓ కునుకు తీసి, ఆమె వచ్చేసరికి తాజాగా ఉంటాడు.

ఇంకో కంపెనీ కుటుంబ ఖాతా గోల్డు కార్డు చూపిస్తే, ఆ ఖాతాలో ఉన్నవాళ్ళకు తామూ గోల్డు ఇస్తామంటోంది ఆ చిన్న కంపెనీ. గడువు ఈ సాయంత్రమే. షరతు ఒకటే: ఏడాదిలో సొంత పేరు మీద ఇరవై ప్రయాణాలు చేసి ఉండాలి. కుటుంబంలో ఒక్కరికే అవకాశం.

ఆమె పాత ఖాతా తీసి లెక్క విడదీసింది. ఏడాదిలో మొత్తం నలభై ఆరు ప్రయాణాలు. ఇటువైపు పదిహేడు, అటువైపు ఇరవై తొమ్మిది. నమ్మకం కుదరక మళ్ళీ లెక్కపెట్టింది. ఇరవై తొమ్మిది ఆమెవి.

"పదిహేడేనా?" తెరలోకి తొంగిచూస్తూ భర్త కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "నేను వారం వారం వెళ్తానే."

"రెండేళ్ళుగా మీ మీటింగులు సగం ఫోన్లోనేనండీ."

సోఫాలోంచి అత్తగారు టీవీ గొంతు తగ్గించింది. ఇంట్లో ఆవిడకు కంట్రోల్ రూము అని పేరు. "ఏంట్రా, అంటే ఆ లాంజిలో నేను తిన్న కేకు నీది కాదా?"

"అందరిదీనే అమ్మా."

"అందరిదీ అయితే కోడలు సామాను దగ్గరెందుకు కూర్చుంది? సొమ్మొకరిది సోకొకరిది అంటే ఇదేరా. ఎదురుగా మొగుడుపెళ్ళాలుండగా సామెత గుర్తురావడం నాకిదే మొదలు."

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. గొంతు తగ్గించి అన్నాడు: "పాత ఖాతా నా పేరు మీదే ఉందిగా. మొత్తం నలభై ఆరూ చూపించి పంపు. వాళ్ళు అంత కూపీ లాగరు. లాగినా నువ్వు ఫోన్ చేసి మాట్లాడితే ఒప్పుకుంటారు. నీకు..."

"అలవాటేగా" మాట పూర్తిచేసింది ఆమె.



ఆయన చెప్పింది అబద్ధం కాదు. పంపితే చెల్లుతుంది. ఏ నంబరు నొక్కితే మనిషి పలుకుతాడో, ఎక్కడ గొంతు పెంచాలో, ఎక్కడ నవ్వాలో ఆమెకు కొట్టిన పిండి. తొమ్మిదేళ్ళు ఆయన తరఫున గెలిచింది, ఇంకోసారి గెలవడం ఎంతసేపు? గెలిస్తే ఆయన సంతోషపడతాడు, ఆ సంతోషం ఆమెకు ఇష్టమే. కానీ బుధవారం వస్తుంది. పై బుధవారం కూడా వస్తుంది. బెంచీ అక్కడే ఉంటుంది. ఇన్నాళ్ళూ తను ఇచ్చింది పాయింట్లు అనుకుంది. ఇచ్చింది సాయంత్రాలు.

"ఇది నా పేరు మీద పెడుతున్నానండీ" అంది. అనుమతి అడుగుతున్నట్టు చివర గొంతు లేపలేదు.

"మరి నేను?"

"మీరూ ఖాతా తెరవండి. మామూలు వరసలోంచి మొదలెట్టి పైకి రండి. ఎలాగో చెబుతాను, టైపు మీరే చేసుకోవాలి."

"పాస్‌వర్డు మరచిపోతే?"

"నువ్వు మరచిపోతావు" అంది అత్తగారు. "చిన్నప్పుడు చెప్పులు కూడా బళ్ళోనే వదిలొచ్చేవాడివి."

ఆయనకు నవ్వాగలేదు. అదే ఆయనలో ఆమెకు నచ్చేది, ఓడినప్పుడు ముఖం దాచుకోడు. రెండు వేళ్ళతో టైపు చేస్తూ, పుట్టిన తేదీ తప్పు కొట్టి సరిచేసుకుంటూ, అరగంట తరవాత లేచి, "అబ్బ, ఇంత పనా ఇది" అన్నాడు. ఆమె తన ఫారం పంపించింది.

ఆ తరవాత మూడో బుధవారం, చిన్న విమానాశ్రయం. కౌంటరులో అమ్మాయి ఆమె కార్డు నంబరు చూసి తలెత్తింది. "మేడమ్, నాలుగు గంటలదాంట్లో సీటుంది. వెళ్తారా?"

"ఎంత కట్టాలి?"

"మీకేం లేదండి."

విమానం దిగేసరికి అయిదుంపావు. ఎండ ఇంకా గోడల మీదే ఉంది. ఈ వేళప్పుడు తన ఊరు ఎలా ఉంటుందో ఆమె మరచిపోయింది. అలవాటు కొద్దీ ఫోన్ తీసి 'దిగాను' అని టైపు చేసింది. ఇంట్లోవాళ్ళ లెక్కలో ఆమె పదకొండింటికి వస్తుంది. ఆయన వంట చేసి పెడతానన్నాడు. అందాకా ఎవరూ ఎదురుచూడరు, ఏదో కనబడటం లేదని ఎవరూ పిలవరు. ఆ మూడక్షరాలనూ కాసేపు చూసి, ఒక్కొక్కటే చెరిపేసింది.

టాక్సీ ఎక్కింది.

"ఎక్కడికమ్మా?" డ్రైవరు అద్దంలోంచి అడిగాడు.

"ముందు పోనివ్వండి" అంది ఆమె, సీటుకు జారగిలబడి. "ఆలోచించుకుని చెబుతాను."