వందలో ఐదు

ఆగండాగండి, ఎక్కడికీ కదలకండి, ఇది విన్నాక వెళ్దురుగాని. ఒక ఆసుపత్రి ల్యాబులో రక్తకణాలు చూసే అమ్మాయి ఉంది. అందరూ ఆమెను లెక్కలపిల్ల అనే పిలుస్తారు. మెదడులో రక్తనాళం చిట్లి మూడు రోజులుగా అదే ఆసుపత్రిలో ఉన్నది ఆమె సొంత పిన్ని.

ఆ ఉదయం పిన్ని రక్తం మిషన్లో పెట్టగానే లెక్కలపిల్ల తెర మీదకి వంగిపోయింది. లింఫోసైట్లని ఒక రకం తెల్లకణాలు, రోగాలతో పోరాడేవి, చేరిన రోజు రెండు వేలు. ఇప్పుడు నాలుగు వందలు.

ల్యాబు పెద్దాయన ఒకసారి చూసి, ట్యూబును ఎర్ర ట్రేలో పెట్టేశారు. అనుమానం ఉన్న రక్తమంతా అందులోకే. ఇక రిపోర్టు ఆగినట్టే, మళ్లీ రక్తం తీసేది మర్నాడే.

"సెలైన్ ఎక్కే చేతికే సూది గుచ్చుంటారు. నీళ్లు కలిశాయి."

"కలిస్తే అన్నీ పల్చబడాలి కదా సార్. హిమోగ్లోబిన్ నిన్నటంతే ఉంది, ప్లేట్‌లెట్లూ అంతే. సెలైన్ లింఫోసైట్లనే ఏరుకుని తిందా?"

"మీ పిన్ని కాబట్టి కంగారు పడుతున్నావు."

"కంగారే సార్. అయినా ఒక్కసారి చూడండి."

ట్యూబు మళ్లీ లాక్కుంది. గాజుపలక మీద చుక్క రాసి, ఆరబెట్టి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద వంద తెల్లకణాలు లెక్కపెట్టింది. మామూలుగా ఇరవైకి పైనే ఉండాల్సిన లింఫోసైట్లు ఐదంటే ఐదే. పెద్దాయన ఆమెను పక్కకి జరిపి తనూ లెక్కపెట్టారు.

"నాకూ ఐదే వచ్చాయి. పరిగెత్తు, నేను వార్డుకి ఫోన్ చేస్తా."

లిఫ్టు కోసం ఎవరాగుతారు, మెట్లన్నీ రెండేసి ఎక్కేసింది. అప్పటికే డాక్టరమ్మ పిన్ని గది గుమ్మంలో ఉంది.

"భలే పట్టావు. మెదడులో రక్తం కారాక కొందరికి ఒంట్లో కాపలా ఇలా సడలిపోతుంది. ఇప్పుడు మామూలు జలుబు కూడా ఊపిరితిత్తుల్లోకి దిగిపోవచ్చు. తుమ్మేవాళ్లెవరూ లోపలికి రాకూడదు."

లెక్కలపిల్ల సంబరం అక్కడికక్కడే చప్పబడింది. లోపల పిన్ని చెయ్యి పట్టుకుని బాబాయి కూర్చున్నాడు. మాస్కు గడ్డం కిందకి లాగేసి ఉంది, ముక్కు ఎర్రగా ఉంది. పొద్దున్నే లెక్కలపిల్ల దగ్గర జలుబు మాత్ర అడిగి తీసుకున్నాడు, డాక్టరుకి చెప్పొద్దని ఒట్టు కూడా వేయించుకున్నాడు.

"బాబాయ్, బయటికి రా."

"అమ్మడూ, నువ్వు మాటిచ్చావు."

"ఇచ్చాను. ఇప్పుడు తప్పుతున్నాను. లే."

"మాస్కు పెడితే మీ పిన్ని నన్ను గుర్తుపట్టట్లేదే. ఎవరో డాక్టరనుకుని మొహం తిప్పేసుకుంటోంది."

చెయ్యి విడిపించి బయటికి తీసుకొచ్చి తలుపు వేసింది. తను చేతులు కడుక్కుని, మాస్కు పెట్టుకుని లోపలికెళ్లి, పిన్ని చెవి దగ్గర ఫోన్ పెట్టింది. గాజు తలుపు అవతలి నుంచి బాబాయి తన ఫోన్లో మొదలెట్టాడు. "ఏమేవ్, వినపడుతోందా? నీ అక్క కూతురు నన్ను గెంటేసింది. అచ్చం నీ పోలికే."

పిన్ని పెదవి ఓ పక్కకి కదిలింది. మూడు రోజుల్లో మొదటి నవ్వు. లెక్కలపిల్లకు గంతెయ్యాలనిపించింది.

అంతలో పిన్ని, ఇంకా కదులుతున్న ఆ ఒక్క చేత్తో దుప్పటి మీద తడుముకుంది. లెక్కలపిల్ల తన చెయ్యి అందించింది. పిన్ని ఒక్క క్షణం పట్టుకుని, ఇది కాదన్నట్టు వదిలేసి, మళ్లీ వెతుక్కుంది. గాజు అవతల బాబాయి మాస్కు ముక్కు మీదకి లాక్కుని ఒక వేలు చూపించాడు. ఒక్క నిమిషం లోపలికి రానివ్వమని.

మీరైతే తలుపు తీసేవారా?