మెట్లక్క సెలవు రోజు

ఆ గోడ లోపల లేనిదంటూ లేదు. ఆకాశాన్నంటే ఇళ్లు, బడి, ఆసుపత్రి, ఆఫీసులు, ఈతకొలను, వీటన్నిటి నడుమ ఒక పెద్ద మాల్. లోపల ఇల్లు కొనుక్కున్నవాళ్లకు బయటికి రావాల్సిన పనే పడదు. బస్టాపు ఎటువైపని అడిగి చూడండి, సగంమంది నీళ్లు నములుతారు. బయటినుంచి పనికొచ్చేవాళ్లకు మాత్రం వెనక గేటు, సంచీ తనిఖీ, సామాన్ల లిఫ్టు.

మెట్లక్క ఆ వెనక గేటు మనిషి. ఆమె ఉద్యోగమేమిటో వింటే మొదట ఎవరైనా నవ్వుతారు. మాల్‌లో ఎస్కలేటర్ కింద ఆకుపచ్చ కోటు వేసుకుని నిలబడి, ఎక్కడానికి భయపడేవాళ్ల చెయ్యి పట్టుకుని పైకి చేర్చడం. నవ్వితే నవ్వారు గానీ, వాళ్లే ఆ మొదటి మెట్టు దగ్గరికి వచ్చేసరికి కొయ్యబారిపోతారు. ముందు ఇనుప మెట్లు కదిలిపోతుంటాయి, వెనక నలుగురూ చూస్తుంటారు. అప్పుడు మెట్లక్క మణికట్టు కింద చెయ్యి వేసి, “కిందికి చూడొద్దు, నా మొహం చూడండి. ఆ... వేసేయండి కాలు” అంటుంది. అంతే, మరుక్షణం మనిషి పైకి పోతుంటాడు. అతన్ని పైన దింపాక ఆమె మాత్రం సిబ్బంది తలుపు వెనకున్న సిమెంటు మెట్లు దిగి రావాలి. పనివాళ్లు ఊరికే ఎస్కలేటర్ మీద తిరుగుతుంటే చూడ్డానికి బాగుండదని మేనేజరుగారి అభిప్రాయం. ఆయనగారి అభిప్రాయానికి ఈమె మోకాళ్లు రోజూ జోహార్లు చెబుతుంటాయి.

ఆమె కూతురు కూడా ఆ గోడ లోపలే పనిచేస్తుంది. కానీ అద్దాల ఆఫీసులో, మెడలో కార్డుతో, ముందు గేటు నుంచి. పక్క సీటు అబ్బాయి ఆమెను ఇష్టపడ్డాడు, ఆమె అతన్ని ఇష్టపడింది. అబ్బాయిది అక్కడే పన్నెండో అంతస్తు, తల్లితో ఉంటాడు. అంతా బాగానే ఉంది గానీ, “మీ అమ్మగారు ఏం చేస్తారు?” అని అతను అడిగిననాడు ఈ పిల్ల నోటికి ఏమొచ్చిందో ఏమో, “మాల్‌లో కస్టమర్ సర్వీస్ మేనేజర్” అనేసింది.

ఇప్పుడు ఆ తల్లీకొడుకులు వీళ్లను కలవాలన్నారు. అదీ మాల్ పైఅంతస్తులో, ఫుడ్ కోర్టులో.

“అక్కడ వద్దే. నన్నందరూ రోజూ చూస్తారు” అంది మెట్లక్క.

“కోటు లేకపోతే నిన్నెవరూ గుర్తుపట్టరులేమ్మా” అంది కూతురు, జడ వేసుకుంటూ.

మెట్లక్కకు చివుక్కుమంది. మేనేజరని చెప్పినందుకు కాదు, ఆ కోటు మాట నిజమైనందుకు. అబ్బాయి ఫోటో కూతురు చూపించినప్పుడే ఆమె అతన్ని పోల్చుకుంది. రోజూ ఫోను చూసుకుంటూ తన పక్కనుంచే పైకి పోయే పొడుగు కుర్రాడు. అతను ఒక్కనాడు కూడా తనవైపు చూసిన పాపాన పోలేదు. ఆ సంగతి ఆమె కూతురికి చెప్పలేదు. పిల్ల ఆనందంలో ఉంది, ఎందుకు నీళ్లు చల్లడం?

అనుకున్న రోజున సెలవు పెట్టి, ఉన్నవాటిలో మంచి బట్టలు ఇస్త్రీ చేసుకుని, మెట్లక్క మొదటిసారి ముందు తలుపు నుంచి మాల్‌లోకి వెళ్లింది. రోజూ ఆమె సంచీ కెలికి చూసే గార్డు ఇవాళ ఇక్కడ డ్యూటీలో ఉన్నాడు. “నమస్తే మేడమ్” అని తలుపు తెరిచాడు. ఆమెకు నవ్వాగలేదు.

అబ్బాయి తల్లి ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే రకమని కూతురు దారంతా భయపెడుతూనే ఉంది. చూడబోతే చిన్న మనిషి, హ్యాండ్‌బ్యాగును రెండు చేతులతో గుండెకు హత్తుకుని నిలబడింది. పలకరింపులయ్యాయి, వదినగారూ అంటే వదినగారూ అనుకున్నారు. తీరా చూస్తే లిఫ్టుకు ‘పనిచేయదు’ అన్న అట్ట వేలాడుతోంది.

“పదండి, ఎస్కలేటర్ ఉందిగా” అన్నాడు అబ్బాయి.

“మీరు వెళ్లిరండి, నేనిక్కడే కూర్చుంటా. నాకసలు ఆకలే లేదు” అంది తల్లి. మొహంలో నెత్తురుచుక్క లేదు.

ఆ మొహం మెట్లక్కకు కొత్త కాదు. ఆమె చెయ్యి ఆమెను అడగకుండానే ముందుకెళ్లింది. మణికట్టు కింద పట్టు, “కిందికి చూడొద్దు, నా మొహం చూడండి, ఆ... వేసేయండి కాలు.” కాబోయే వియ్యపురాలు దూదిపింజలా మెట్టెక్కేసింది. పైకి చేరాక పసిపిల్లలా నవ్వి, “అబ్బ, ఎంత ధైర్యం చెప్పారండీ!” అంది. అబ్బాయి మురిసిపోయాడు. కూతురు ఊపిరి పీల్చుకుంది.

అక్కడితో ఆగినా బాగుండేది. కానీ మనిషిని పైన దింపాక మెట్లక్క కాళ్లు ఏం చేస్తాయి? రోజూ చేసేదే చేశాయి. పక్కనున్న సిబ్బంది తలుపు తోసుకుని, సిమెంటు మెట్లు దిగి, కిందికి వచ్చేశాయి. కింద ఒక ముసలాయన బిక్కుబిక్కుమంటూ నిలబడి ఉన్నాడు. ఆయన్ను పైకి చేర్చింది. మళ్లీ తలుపు, మళ్లీ మెట్లు. ఈసారి కర్ర పట్టుకున్న ఒకావిడ, “ఇవాళ కోటు వేసుకోలేదేం మెట్లక్కా?” అంటూ తనే చెయ్యి అందించింది. “సెలవండీ” అని చెప్పాక గానీ మెట్లక్కకు ఒంటి మీదికి తెలివి రాలేదు. తలెత్తింది. పైన రెయిలింగు పట్టుకుని ముగ్గురూ తననే చూస్తున్నారు. కూతురి మొహం పాలిపోయి ఉంది.

మెట్లక్క పైకి వచ్చాక నలుగురూ ఫుడ్ కోర్టు బల్ల చుట్టూ కూర్చున్నారు. అబ్బాయి తెచ్చిన కాఫీలు అలాగే ఉన్నాయి. సంబంధం చెడిపోయిందని, అదీ తన కాళ్ల వల్లేనని మెట్లక్క నిశ్చయించుకుంది. బిడ్డ మొహం చూడాలంటే భయమేసింది.

“వదినగారూ, తప్పు నాది” అంది చివరికి. “మేనేజరని చెప్పమన్నది నేనే. పిల్లకేం తెలీదు.”

వియ్యపురాలు కాబోయే ఆ పెద్దావిడ ఆమెవైపు చూడలేదు. అమ్మాయివైపు తిరిగింది.

“మీ అమ్మ ఉద్యోగంతో నాకు పేచీ లేదమ్మా. నేనేం చదువుకున్నదాన్ని కాదు. మావాడు ఇక్కడ ఇల్లు కొని మూడేళ్లయింది, చెయ్యి పెడితే నీళ్లొచ్చే ఆ కుళాయితో నాకింకా దెబ్బలాటే. రేపు నీ ఆఫీసువాళ్లు మీ అత్తగారేం చేస్తారని అడిగితే నన్ను ఏ కాలేజీకి ప్రిన్సిపాల్‌ని చేస్తావు?”

“అమ్మా, ఊరుకో” అన్నాడు అబ్బాయి.

“నువ్వూరుకోరా. రోజూ ఆవిడ పక్కనుంచే పోతావుగా, ఆవిడ మొహం నీకు తెలుసా?”

అబ్బాయి తల దించుకున్నాడు. మెట్లక్క మళ్లీ ఏదో సర్దబోయింది, కానీ కూతురు ఆమె చేతిమీద చెయ్యి వేసి ఆపింది.

“మా అమ్మ చెప్పమనలేదండీ. నేనే చెప్పాను. నాకు సిగ్గేసింది.”

ఆ మాట మెట్లక్కకు తెలియనిది కాదు. అయినా కూతురి నోట వినడం వేరు. ఏడవకూడదని పళ్లు బిగపట్టి కాఫీ కప్పువైపు చూస్తూ కూర్చుంది.

కూతురు కళ్లు తుడుచుకుంది. “ఇకమీదట ఎవరడిగినా, మా అమ్మ ఎస్కలేటర్ దగ్గర నిలబడి భయపడేవాళ్ల చెయ్యి పట్టుకుంటుందని చెప్తాను. మా అత్తయ్యకు ఆ మెట్లంటే చచ్చేంత భయమని చెప్తాను. మా అమ్మ పట్టుకుంటే గానీ ఆవిడ కాలు కదలలేదని కూడా చెప్తాను.”

పెద్దావిడ కళ్లు పెద్దవి చేసి చూసింది. మెట్లక్క ఇక చాలన్నట్టు కూతురి చెయ్యి నొక్కింది.

“అంత వివరంగా అక్కర్లేదులే” అంది పెద్దావిడ, పెదవి చివర నవ్వు దాచుకుంటూ. తర్వాత చల్లారిన కాఫీ ఒకటి మెట్లక్క ముందుకు జరిపింది. “తాగండి వదినగారూ. పెళ్లికి హాలు మాత్రం కింది అంతస్తులో ఉన్నది చూద్దాం. ఆ రోజు కూడా మీరు జనాన్ని మోస్తూ కూర్చుంటే పెళ్లికూతురి పక్కన ఎవరు నిలబడతారు?”