కంద కోసిన చేతులు

కందదుంపకు మొదటి చెక్కు తీస్తూండగానే నీలవేణికి వేళ్ల సందుల్లో దురద మొదలైంది. ఇంకా తలకాయంత దుంపలు రెండున్నాయి. రేపు పొద్దున శ్రీకాకుళంలో ఆమె లెక్కల పరీక్ష. ఎస్.ఎస్.ఎల్.సి.లో ఆ ఒక్కటే రెండేళ్లుగా మిగిలిపోయింది. ఒక ఏడు కడుపు పోయింది, మరో ఏడు అత్త కాలు విరిగింది. ఈసారి తప్పితే టీచరు ట్రైనింగుకి వయసు దాటిపోతుంది. సరిగ్గా ఇవాళే మొగుడు గణపతిరావు పదిహేనుమంది చుట్టాలను భోజనానికి పిలిచాడు. "పరీచ్చ రేపు కదేటే" అన్నాడు. అవును మరి, వండేది ఆయన కాదుగా.

"సేతులకి కాస్త సింతపండు పులుసు రాసుకుని కోస్తానత్తా" అని పొద్దున్నే అడిగింది. కూర్మమ్మ గుప్పెడు చింతపండు గిన్నెలో పడేసి, మిగతాది పెట్టెలో పెట్టి తాళం వేసింది.

"అది కూరకే. పులుసు సాలకపోతే తిన్నోల గొంతులు దురదెక్కిపోతాయి. నీ సేతులకేటే, అవే తగ్గుతాయి."

పోయిన కార్తీకంలో పుట్టింటికొచ్చిన కూతురు కంద కోస్తానంటే, ఈ అత్తే మోచేతుల దాకా పులుసు పట్టించింది. నీలవేణికి అది ఇప్పుడు గుర్తొచ్చింది.

మూడో దుంప అయ్యేసరికి వేళ్లు ఉబ్బి ఎర్రబడ్డాయి. మంచినీళ్లకు వచ్చిన గణపతిరావు చూసి, "కడిగీసుకోరాదేటి" అని చెంబెడు నీళ్లు ఒంపేశాడు. మంట భగ్గుమంది. కంద కోసిన చేతికి నీళ్లు తగలకూడదు. ముప్పై ఏళ్లుగా తింటున్నాడే గాని ఒక్కనాడు కోసినవాడు కాదు, ఆయనకెలా తెలుస్తుంది. పొయ్యి పక్క దాచుకున్న పెన్సిలు తీసి పట్టుకోబోయింది. జారి కింద పడింది. మళ్లీ తీసింది, మళ్లీ పడింది. మసిబొగ్గుతో గోడ మీద లెక్కలు చేసిన ఇన్ని మధ్యాహ్నాలూ బూడిదలో పోయాయని ఏడుపొచ్చింది. కళ్లు తుడుచుకోవడానికీ లేదు, ఆ చేతులు కళ్లకు తగిలితే ఇంకేమైనా ఉందా.

ఏడుస్తూనే గిన్నె వంక చూసింది. ఉన్నది గుప్పెడే. పదిహేనుమంది గొంతులు, తన రెండు చేతులు.

"ఏటీ, కూర దించీసినావా?" వసారాలోంచి గణపతిరావు కేక. చుట్టాలు ఆకుల ముందు కూర్చున్నారు.

"దించీసినాను. ఆవ బాగా పెట్టినాను. అత్త ఒడ్డిస్తాది. నాను ఈ బస్సుకెల్లి, రేత్రికి గ్యానసుందరి ఇంటికాడ ఉంటాను."

జ్ఞానసుందరి ఆమెతో చదువుకున్న మిషను బడి స్నేహితురాలు, ఉండేది శ్రీకాకుళంలోనే. వెనక నుంచి అత్త ఏదో అంటున్నా ఆగకుండా, హాల్‌టికెట్టూ పెన్సిలూ జాకెట్టులో దోపుకుని దొడ్డిదారిన రోడ్డెక్కింది.

బస్సు కదిలాక పెన్సిలు తీసింది. మంట ఇంకా ఉంది గాని వేళ్లు వంగుతున్నాయి. అరచేతుల్లోంచి చింతపండు వాసన వస్తోంది. ఇంట్లో ఈపాటికి మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఉంటారు.