ఆయనకు అర్థం తెలియని మాట

"ఖాళీగానే ఉన్నావుగా, ఇది కాస్త చూసిపెట్టు" అంటూ మా ఆయన ఆ ఇంగ్లీషు పుస్తకాన్ని తరిగిన కూరగాయల పక్కన పడేసినప్పుడు, నా ఒక చేతిలో కత్తి, ఇంకో చేతిలో కుక్కర్ మూత ఉన్నాయి. ఖాళీ అంటే ఆయన లెక్కలో జీతం రాని చేతులు. విద్యుత్ పరికరాలు అమ్మే కంపెనీలో ఆయన ఇంజనీరు. ఫ్రెంచ్ మాట్లాడే దేశమేదో వాళ్ళ దగ్గర ఒక సబ్‌స్టేషన్ కొంటోంది, దాన్ని వాడే పద్ధతి చెప్పే పుస్తకమంతా ఫ్రెంచ్‌లో ఉండాలట. పెళ్ళికి ముందు నేను కాలేజీలో ఫ్రెంచ్ చెప్పేదాన్నని ఆయనకు ఇన్నేళ్ళకు గుర్తొచ్చింది.

సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు ప్రాణం లేచొచ్చింది. ట్రాన్స్‌ఫార్మరు, బ్రేకరు, ఫీడరు... ఒక్కోదాన్నీ అక్కడి లైన్‌మన్ ఏమంటాడో వెతుకుతూ పాలు పొంగబెట్టాను, ఉతికిన బట్టలు ఆరేయడం మరిచాను. "మా కోడలు కంప్యూటర్‌తో కాపురం చేస్తోంది" అని అత్తగారు చుట్టాలందరికీ ఫోన్లో చాటింపు వేశారు. ఒక్క మాట దగ్గర మాత్రం రోజుల తరబడి ఆగిపోయాను. తీగ మీద మనిషి చెయ్యి వేసే ముందు చేసే పని అది. "స్విచ్ ఆపితే అయిపోదే పిచ్చిదానా! తాళం వెయ్యాలి, కరెంటు లేదని పరీక్షించాలి, ఎర్త్ చెయ్యాలి. అప్పుడే ముట్టుకోవడం" అని వివరించింది ఆయనే. ఇదంతా కలిపి ఫ్రెంచ్‌వాళ్ళకు ఒకటే మాట ఉంది, కోన్సిన్యాసియోన్. అది దొరికిన రోజు వంటింట్లో గెంతులేశాను.

ఈ ఉదయం, అచ్చుకు వెళ్ళబోయే కాపీ బల్ల మీద కనిపించింది. అనువాదకుడిగా ఆయన పేరు. దాన్ని ఎలాగో మింగాను, ఈ ఇంట్లో మింగడం అలవాటే. లోపల చూస్తే నా మాట ఎక్కడా లేదు. ప్రతిచోటా 'స్విచ్ ఆపారు' అనే అర్థమొచ్చే మాటే.

"మా మేనేజరు ఆ మాటేంటని అడిగాడు. నాకేం తెలుసు? పొరపాటున పడిందని చెప్పి, పక్క పేజీలో ఉన్న మాట పెట్టేశాను" అన్నారు ఆయన.

"నాకు ఫోన్ చేసి అడగొచ్చుగా?"

"అందరి ముందూ పెళ్ళాన్ని అడగమంటావా?"

"ఇది చదివి స్విచ్ ఆపగానే చెయ్యి పెడతారండీ. చచ్చిపోతారు."

ఆయన ముఖం పాలిపోయింది. ఎంతైనా ఇంజనీరు కదా, అర్థమైంది. అయినా గొంతు తగ్గించి, "సాయంత్రం ప్రింటుకెళ్తోంది. ఇప్పుడు చెబితే నా పరువేం కావాలి? వాళ్ళ జాగ్రత్తలు వాళ్ళకు తెలీవా ఏంటి?" అన్నారు.

"ఇంటిగుట్టు లంకకు చేటు. వాడి ఉద్యోగం మీదకు తేకమ్మా" అని అత్తగారు అందుకున్నారు.

నాకూ భయమేసింది. ఈ ఇల్లు గడిచేది ఆ ఉద్యోగంతోనే. కానీ ముక్కూ మొహం తెలియని మనిషెవరో నా మాట లేని ఆ పేజీని నమ్మి స్తంభం ఎక్కుతాడు. అతని కోసం ఇంటి దగ్గర నాలాంటిదే ఒకతి అన్నం మూతపెట్టి కూర్చుంటుంది. ఆమె మొహం చూడకపోయినా, ఆమెకు నేనేం చెప్పుకోను?

బల్ల మీదున్న ఆయన ఫోన్ తీసి మేనేజరు నంబరు నొక్కాను. "ఒసేయ్, ఆగు" అంటూ ఆయన చెయ్యి చాపారు. పక్కకు జరిగాను.

"మీరా అమ్మా! ఆయనకు ఒంట్లో బాగాలేదా?" అన్నాడు మేనేజరు.

"ఆయన బాగానే ఉన్నారండీ. ఆ పుస్తకాన్ని అనువదించింది నేను. ప్రింటు ఆపండి, ఆ రోజు మీరడిగిన మాటకు అర్థం నేను చెబుతాను."