మేస్త్రీ గారి పద్నాలుగు నిమిషాలు

నా మెడలో స్టాప్‌వాచ్ చూసి చాలామంది నన్ను పరుగుపందేలు పెట్టించే డ్రిల్లు టీచరనుకుంటారు. నేను కొలిచేది పరుగు కాదు, మాట. వార్డు కమిటీల మీటింగుల్లో వెనకాల కూర్చుని, ఎవరు ఎంతసేపు మాట్లాడారో కొలిచి, ఫారంలో ఎవరి గడిలో వాళ్ళ నిమిషాలు రాస్తాను. మగవాళ్ళకొక గడి, ఆడవాళ్ళకొకటి, ముసలివాళ్ళకొకటి, వికలాంగులకొకటి. వార్డు పాలనలో అందరికీ చోటుండాలని మూడేళ్ళ కిందట ఒక పథకం పెట్టారు. ఆ చోటు ఇచ్చారా లేదా చూసి మార్కులు వేసే పని నాకు పెట్టారు. మీటింగు నడుస్తున్నంతసేపూ నేను మాట్లాడకూడదు, తలాడించకూడదు, నవ్వకూడదు. నవ్వకుండా ఉండడం నాకు పుట్టుకతో వచ్చిన విద్యేనని మా ఇంట్లోవాళ్ళు అంటారు.

ఆ రోజు నేను వెళ్ళిన కమిటీకి అదే ఆఖరి పరీక్ష. ఆ పథకం కింద చేర్చిన ప్రత్యేక సభ్యుడెవరైనా మీటింగులో రెండు నిమిషాలకన్నా తక్కువ మాట్లాడితే ఆ కుర్చీ దండగని లెక్క. వచ్చే ఏడాది నుంచి దాన్ని తీసేస్తారు. ఈ నియమం రాసిన పెద్దమనిషి ఏ మీటింగులోనూ నోరు మూసుకుని కూర్చుని ఉండడు.

గుమాస్తా గుమ్మంలోనే ఎదురొచ్చాడు.

"మీరేం బెంగ పెట్టుకోకండి మేడమ్. మా వికలాంగ సభ్యుడు వడ్రంగి మేస్త్రీ. పుట్టుచెవుడు, మాట రాదు. అయినా మా కమిటీలో ఆయన మాట్లాడినంత బాగా ఇంకెవరూ మాట్లాడరు."

"మాట రాకుండానా?"

"వాళ్ళావిడ ఉంది కదండీ! ఆయన చేతులు తిప్పుతాడు, ఆవిడ చెబుతుంది. వీధి దీపాలు ఆయన మాట మీదే వచ్చాయి. ఆస్పత్రి మెట్ల పక్కన వాలుదారి కూడా అంతే. మేం ముద్దుగా టేబుల్‌ఫ్యాను మేస్త్రీ అంటాం లెండి."

"అదేం పేరయ్యా?"

"మీరే చూస్తారుగా" అని నవ్వాడు.

చూశాను. ప్రెసిడెంటు గారు రిటైరైన హెడ్మాస్టరు. అందుకే కాబోలు హాలు కూడా తరగతి గదిలాగే ఉంది. ఎదురుగా బల్ల, దాని వెనక ఆయన కుర్చీ. ఇటువైపు ఇనప కుర్చీలు, నాలుగేసి చొప్పున ఒకే కడ్డీకి బోల్టులతో బిగించి, మూడు వరసలు. గౌరవం కొద్దీ మేస్త్రీని మొదటి వరసలో కూర్చోబెట్టారు. యాభై దాటిన మనిషి, చెవి మీద పెన్సిలు, పాదాల దగ్గర పనిముట్ల సంచి. ప్రెసిడెంటు గారి చూపు ఎటు మళ్ళితే ఆయన తల అటు తిరిగేది. కుడికి, వెనక్కి, ఎడమకి, మళ్ళీ కుడికి. ఆయన తిరిగేసరికి మాట్లాడినవాళ్ళు మాట ముగించి కూర్చునేవాళ్ళు. వెనక వరసలో ఇద్దరు ఒకరినొకరు మోచేత్తో పొడుచుకుని నవ్వుకున్నారు. నాకు ఒళ్ళు మండింది.

ఎందుకు మండిందంటే, నా తమ్ముడు కూడా అలాగే తల తిప్పేవాడు. వాడిదీ పుట్టుచెవుడే. నలభై ఏళ్ళకు పైగా వాడితో చేతులతోనే కబుర్లు, చేతులతోనే పోట్లాటలు. ఈ సంగతి రాయడానికి ఏ ఫారంలోనూ గడి లేదు కనక ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు.

హాజరూ పాత లెక్కలూ అయ్యాక అసలు చర్చ మొదలైంది. ప్రెసిడెంటు గారు మురుగుకాలువ మీద పలకల గురించి ఎత్తుకుని, క్రమశిక్షణ మీదుగా తన చిన్ననాటికి వెళ్ళి, మళ్ళీ కాలువ దగ్గరకు వచ్చేసరికి నా వాచీలో నలభై ఒక్క నిమిషాలయింది. చెప్పేవాడికి వినేవాడు లోకువని ఊరికే అన్నారా!

"మరి మేస్త్రీ గారేమంటారు?" అన్నారు చివరికి.

మేస్త్రీ చేతులు కదిలాయి. పక్కన కూర్చున్న భార్య లేచి నిలబడింది. మనిషి పిడికెడు, గొంతు మాత్రం గంట.

"మా ఆయన అంటున్నదేమిటంటే, మా వెనక సందులో ఇరవై ఆరు ఇళ్ళకి కలిపి ఒక్కటే కుళాయి. పొద్దున్నే బిందెలు కొట్టుకుంటాయి, తర్వాత మనుషులు కొట్టుకుంటారు. సందు మొదట్లో, మిల్లు గోడ పక్కన ఇంకో కుళాయి వెయ్యండి. గొట్టం ఆ గోడ దాకా వచ్చే ఉంది. మీరు తవ్వాల్సింది పది అడుగులే."

మధ్యలో ఎవరో అడ్డం వస్తే జవాబు చెప్పింది, ఇంకొకరు సందేహం లేవదీస్తే తీర్చింది. అన్నీ కలిపి పద్నాలుగు నిమిషాలు. అంత బాగా మాట్లాడినవాళ్ళను నేను ఈ ఉద్యోగంలో వేళ్ళ మీద లెక్కపెట్టగలను. "పాపం, దేవుడు నోరివ్వకపోయినా ఎంత బుర్ర ఇచ్చాడో" అన్నారెవరో వెనకనుంచి.

కానీ నేను ఆయన చేతులు చూశాను. మొదటిసారి ఆయన అడిగింది, 'ఎవరు మాట్లాడారు? ఏమన్నారు?' అని. రెండోసారీ అదే. మూడోసారి వేలితో గాలిలో గుండ్రంగా ఒక గీత గీసి, కూర్చున్న కుర్చీ మీద అరచేత్తో కొట్టి, కళ్ళు చూపించాడు. ఆ గుండ్రం ఏమిటో నాకు తెలియలేదు గానీ, ఆ చేతుల్లో కుళాయి మాత్రం ఎక్కడా లేదు.

నా బొటనవేలు వాచీ మీద ఆగిపోయింది. ఈ పద్నాలుగు నిమిషాలు ఏ గడిలో రాయను? మేస్త్రీ గడిలో రాస్తే అబద్ధం. ఆవిడ గడిలో రాద్దామంటే ఆవిడ సభ్యురాలే కాదు. ఉన్నదున్నట్టు రాస్తే మేస్త్రీది సున్నా, కుర్చీ పోతుంది. అబద్ధం రాస్తే కుర్చీ ఉంటుంది, ఆయన అందులో జీవితాంతం తల తిప్పుతూ కూర్చుంటాడు. మింగలేక కక్కలేక కూర్చున్నాను.

ఇంతలో టీ వచ్చింది, అందరూ వరండాలోకి నడిచారు. మేస్త్రీ ఒక మూల గోడకు ఆనుకుని బిస్కెట్టు టీలో ముంచుతున్నాడు. ఇది మీటింగు కాదు, టీ అని నాకు నేనే సర్దిచెప్పుకుని, ఎదురుగా వెళ్ళి నిలబడి, వేలితో గుండ్రం గీసి 'ఇదేమిటి?' అని అడిగాను.

బిస్కెట్టు టీలో పడిపోయింది. ఆయన గ్లాసు కింద పెట్టేశాడు. ఇక ఆ చేతులకు పట్టపగ్గాల్లేవు. ఆయన ఇంటి సైగలు వేరు, మా ఇంటి సైగలు వేరు. రెండేసి మూడేసిసార్లు అడిగి అర్థం చేసుకున్నాను. కుర్చీలు గుండ్రంగా వెయ్యాలి. అప్పుడు అందరి మొహాలూ కనపడతాయి. ఎవరు మాట్లాడుతున్నారో తెలుస్తుంది, పెదాలు చూసి కొంత పోల్చుకోగలడు. బోల్టులు తనే విప్పుతాడు, గంట పని. సంచిలోంచి పానా తీసి చూపించాడు. మూడేళ్ళుగా ప్రతి మీటింగుకూ దాన్ని తెస్తున్నాడట. చివరగా భార్య వైపు చెయ్యి చూపించి, 'చెప్పాను, చెప్పాను, చెప్పాను' అన్నాడు.

ఆవిడ ఎప్పుడు వచ్చిందో, నా వెనకే ఉంది.

"మీకు సైగలొచ్చా?" అంది. గంటలాంటి గొంతు గుసగుసైపోయింది.

"మా తమ్ముడి వల్ల వచ్చాయి."

"అయితే అంతా తెలిసిపోయిందన్నమాట. రాసేస్తారా?"

"ముందు నాకిది చెప్పమ్మా. కుర్చీల సంగతి ఎందుకు చెప్పలేదు?"

"ఏమని చెప్పనండీ? నెలకోసారి లేచి నిలబడతాం. జాలిపడి ఒక్క మాట వింటారు. ఆ ఒక్క మాటా కుర్చీలు జరపండని అడిగేస్తే ఇక కుళాయి ఎవరడుగుతారు? అడగందే అమ్మైనా పెట్టదు."

"ఆ కుళాయేదో నీ మాటగా నువ్వే అడగొచ్చుగా?"

ఎంత అమాయకురాలివి అన్నట్టు చూసింది నన్ను. "నేనడిగితే గయ్యాళి అంటారక్కా. అవే మాటలు ఆయనవంటే, పాపం ఎంత బుర్రో అంటారు."

'అలా చెయ్యడం తప్పు కదమ్మా' అనే మాట నాలిక చివరిదాకా వచ్చింది గానీ, తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాను.

ఎందుకంటే ఆ పని ఆవిడకన్నా ముందు చేసినదాన్ని నేను. నాకప్పుడు పదహారేళ్ళు, తమ్ముడికి పది. వినపడని పిల్లల బడిలో, హాస్టల్లో ఒక ఏడాది ఉన్నాడు. సెలవులకు తీసుకురావడానికి నాన్నా నేనూ వెళ్ళాం. నాన్నకు సైగలు రావు. "మళ్ళీ ఏడాది ఇక్కడే ఉంటాడా, ఇంటికొచ్చేస్తాడా, అడుగమ్మా" అన్నాడు. అడిగాను. 'ఇక్కడే ఉంటాను' అన్నాడు వాడు, మొహం వెలిగిపోతూ. వాడు లేని ఇంట్లో ఆ ఏడాదంతా నాకు దిక్కు తోచలేదు. నాన్న వైపు తిరిగి, "ఇంటికొచ్చేస్తానంటున్నాడు" అన్నాను. వచ్చేశాడు. చదువు అక్కడితో ఆగిపోయింది. ఇప్పుడొక దుకాణంలో అట్టపెట్టెల్లో సామాను సర్దుతున్నాడు. నాకన్నా తెలివైనవాడు. ముప్ఫై ఎనిమిదేళ్ళయింది, ఈ మాట నేను ఎవరికీ చెప్పలేదు, వాడికి కూడా.

టీ గ్లాసులు తీశారు. అందరూ వెళ్ళి మళ్ళీ వరసల్లో కూర్చున్నారు. ప్రెసిడెంటు గారు కళ్ళజోడు తుడుచుకుని, "మేస్త్రీ గారు ఇంకేమైనా అంటారా?" అన్నారు.

మేస్త్రీ గాలిలో గుండ్రం గీశాడు. భార్య లేచింది. ఆయన వైపు చూసింది, వెనక్కి తిరిగి నా వైపు చూసింది. నేను తలాడించకూడదు, ఆడించలేదు.

"కుర్చీలు గుండ్రంగా వేసుకుందామంటున్నారండీ" అంది. "అప్పుడు మన మొహాలు కనపడతాయట. మూడేళ్ళ నుంచీ అంటున్నారు. నేనే మీకు చెప్పలేదు."

ప్రెసిడెంటు గారు కళ్ళజోడు పెట్టుకుని, తీసి, మళ్ళీ పెట్టుకున్నారు. "అంటే... ఆ తల తిప్పడం..." అని ఆగిపోయి, వెనక వరసలో నవ్విన ఇద్దరి వైపూ పాత హెడ్మాస్టరు చూపు ఒకటి చూశారు. తర్వాత తన బల్ల తనే పక్కకు జరపడం మొదలుపెట్టారు.

గంట పట్టలేదు. మేస్త్రీ బోల్టులు విప్పుతుంటే గుమాస్తా వాటిని డబ్బాలో వేశాడు. మిగతావాళ్ళు కుర్చీలు మోశారు. గుండ్రం అయితే కాలేదు, కోడిగుడ్డులా వచ్చింది. అందులో కూర్చున్న మేస్త్రీ మొదట అలవాటుకొద్దీ ఒకటి రెండుసార్లు తల తిప్పాడు. తర్వాత తిప్పలేదు. ఒక్కొక్క మొహమే చూసుకుంటూ వెళ్ళాడు.

ప్రెసిడెంటు గారు కుళాయి తీర్మానం మెల్లగా చదివారు. ఈసారి భార్య ఆ మాటలన్నీ చేతుల్లోకి మార్చి భర్తకు చెప్పింది. మేస్త్రీకి నుదురు ముడిపడింది. తన పేరు మీద కుళాయి అడిగారని ఆయనకు అప్పుడే తెలిసింది. ఆయన చేతులు మళ్ళీ కదిలాయి. ఆవిడ మొహం ఎర్రబడింది, అయినా ఒక్కొక్క ముక్కే కూడబలుక్కుంటూ చెప్పింది.

"కుళాయి... సందు మొదట్లో వద్దంటున్నారు. చివర్లో వెయ్యమంటున్నారు. చివరి ఇళ్ళలోనే ముసలివాళ్ళు ఎక్కువట. అంత దూరం మొయ్యలేరట." ఆగింది. మేస్త్రీ ఇంకా చేతులు తిప్పుతూనే ఉన్నాడు. పళ్ళు బిగించి అదీ చెప్పింది. "మా ఇల్లు మొదట్లో ఉంది కాబట్టే నేను అక్కడ అడిగానట."

హాలంతా గొల్లున నవ్వింది. నవ్వకూడని నేనూ నవ్వాను.

"అది ఆయన మాట" అంది ఆవిడ, నడుం మీద చెయ్యి వేసుకుని. "ఇక నా మాట వినండి. చివరిదాకా అంటే సందంతా తవ్వాలి. ఎప్పటికి తవ్వుతారు? మొదట్లో అయితే వారంలో నీళ్ళొస్తాయి."

"మీరు సభ్యులు కాదు కదమ్మా" అని నసిగాడు గుమాస్తా.

"మూడేళ్ళు విన్నాం కదయ్యా, ఇంకో మూడు నిమిషాలు వింటే కొంపలేం మునగవు" అన్నారు ప్రెసిడెంటు గారు.

మొగుడూ పెళ్ళాం నడి హాల్లో వాదించుకున్నారు, ఒకరు చేతులతో, ఒకరు నోటితో. రెండువైపులా ఆవిడే చెప్పాలి మరి. ఆయన మాట ఒక్కటి కూడా ఆవిడ మింగలేదు. చేతులు చూస్తూ కూర్చున్న నాకు తెలుసు.

ఫారంలో మేస్త్రీ గడిలో అయిదు నిమిషాల ఇరవై సెకన్లు రాశాను. అంతకుముందు మూడేళ్ళకూ సున్నా రాసి, కారణం 'కుర్చీలు' అని రాశాను. ప్రెసిడెంటు గారి స్కేలు అడిగి తీసుకుని, ఫారం చివర కొత్తగా ఒక గడి గీసి, అందులో ఆవిడ పద్నాలుగు నిమిషాలూ వేసి, ఈవిడకు వేరే కుర్చీ ఇవ్వాలని రాశాను. టీ వేళ నేను కల్పించుకున్నానని, మీటింగులో నవ్వానని కూడా రాశాను. ఆఫీసు ఏమన్నా అననీ. మేస్త్రీ కుర్చీని మాత్రం ఇక తియ్యలేరు.

బస్సు రావడానికి ఇంకా టైముంది. ఎండ తగ్గని ఆ సాయంత్రం బస్‌స్టాపు బెంచీ మీద కూర్చుని తమ్ముడికి వీడియో కాల్ చేశాను. దుకాణంలోనే ఉన్నాడు. చేతులు ఖాళీ చేసుకోవడానికి ఫోను ఒక అట్టపెట్టెకు ఆనించాడు. నేను నా ఫోను సంచికి ఆనించి, ముందువెనకలు ఆలోచించకుండా చెప్పేశాను. 'ఆ రోజు బడిలో నువ్వు ఉంటానన్నావు. నేను నాన్నతో వచ్చేస్తానంటున్నాడని చెప్పాను.'

వాడు ఫోనుకు ఇంకాస్త దగ్గరగా జరిగాడు.

'తెలుసు' అన్నాడు.

'ఎలా తెలుసు?'

'నీ పెదాలు చూస్తూనే ఉన్నాగా.'

'మరి అప్పుడే ఎందుకు చెప్పలేదురా?'

'ఎవరికి చెప్పను?' అన్నాడు. 'నాన్నకు చెప్పాలన్నా నువ్వే కదా చెప్పాలి.'

నేను మొహం దాచుకోబోతే, వాడు తెర మీద వేలితో తట్టి నన్ను తనవైపు తిరగమన్నాడు. తిరిగాను. భోజనం చేశావా అని అడిగాడు.